ఎఫ్ఐఆర్‌లో ‘అతివేగం’, నివేదికలో ‘అతివేగం’: 2022 హైవే ప్రమాదాల లెక్క మీద ఒక కేస్ స్టడీ

హైవే ప్రమాదాల మీద జరిగే ఏ మీటింగులోనైనా మొదట వినిపించే మాట ఒకటుంది: 72 శాతం ప్రమాదాలకి అతివేగమే కారణం. పేపర్లో అదే వస్తుంది, టీవీలో అదే వస్తుంది. చివరికి చేసే పని కూడా దాన్ని బట్టే ఉంటుంది, అంటే డ్రైవర్లకి అవగాహన సదస్సు, నాలుగు హెచ్చరిక బోర్డులు, రెండు వారాల స్పెషల్ డ్రైవ్. నేను స్టాటిస్టిక్స్ చదువుకుని రోడ్డు భద్రత డేటా పనిలోకి వచ్చినవాణ్ని. మొదట్లో నేనూ ఆ అంకెని అలాగే తీసుకుని దాని మీద గ్రాఫులు గీసి ఇచ్చాను. తర్వాత ఒక నాలుగు లేన్ల హైవే ముక్క మీద పనిచేస్తున్నప్పుడు, ఆ అంకె అసలు ఎక్కడ పుడుతుందో వెతుక్కుంటూ పోలీస్ స్టేషన్ల దాకా వెళ్ళాల్సి వచ్చింది. ఆ వెతుకులాట, దాంట్లో తేలిన లెక్క ఇక్కడ రాస్తున్నాను. ఇదే డేటాతో పనిచేయడానికి ఏటా కొత్త పిల్లలు వస్తున్నారు, వాళ్ళకి ఇది ముందే తెలిస్తే బాగుంటుందని.

నేను తిరిగిన ఆ ముక్క పేరు, అక్కడి ఫైళ్ళలో ఉన్న అంకెలు రాయను. ఆ కాగితాల్లో ఉన్నది పోయిన మనుషుల వివరాలు. లెక్కంతా ఎవరైనా సరిచూసుకోగల జాతీయ అంకెలతోనే చేస్తాను, రోడ్డు మీద చూసిన సంగతులు మాత్రం నావి.

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల శాఖ వార్షిక నివేదిక ప్రకారం 2022లో దేశంలో నమోదైన ప్రమాదాలు 4,61,312. చనిపోయినవాళ్ళు 1,68,491 మంది, అంటే రోజుకి దాదాపు 462 మంది. గాయపడినవాళ్ళు 4,43,366. ఇందులో జాతీయ రహదారుల వాటా 1,51,997 ప్రమాదాలు, 61,038 మరణాలు. రాష్ట్ర రహదారుల మీద 1,06,682 ప్రమాదాలు, 41,012 మరణాలు. మిగతా రోడ్లన్నీ కలిపి 2,02,633 ప్రమాదాలు, 66,441 మరణాలు.

దేనితో భాగిస్తున్నాం?

ఈ అంకెలు చూడగానే అందరూ చేసే లెక్క ఇది: దేశంలో ఉన్న రోడ్ల పొడవులో జాతీయ రహదారులు దాదాపు 2 శాతం, మరణాల్లో మాత్రం 36 శాతం, కాబట్టి హైవే పద్దెనిమిది రెట్లు ప్రమాదకరం. వినడానికి గట్టిగా ఉంటుంది కానీ పొడవుతో భాగించడంలో అర్థం లేదు. రోడ్డు తనంతట తాను గుద్దుకోదు, దాని మీద వాహనాలు తిరగాలి. జాతీయ రహదారుల మీద దేశపు రోడ్డు ట్రాఫిక్‌లో దాదాపు 40 శాతం నడుస్తుందని ప్రభుత్వమే ఎన్నోసార్లు చెప్పింది. ఆ 40తో పోలిస్తే 36 శాతం మరణాలు అనేది అసలు ఆశ్చర్యమే కాదు. ఒకే అంకె, హారం మారగానే పద్దెనిమిది రెట్లు కాస్తా ఒకటి కంటే తక్కువకి పడిపోయింది. మన దగ్గర పదిలో తొమ్మిది ప్రమాద విశ్లేషణలు హారం దగ్గరే చెడిపోతున్నాయని నా గట్టి అభిప్రాయం.

నివేదికలో ఉండే మరో మాట కూడా అలాంటిదే: 67 శాతం ప్రమాదాలు తిన్నటి రోడ్డు మీదే జరిగాయి. దీన్ని పట్టుకుని ‘మలుపులు కాదు, తిన్నటి రోడ్లే చంపుతున్నాయి’ అని హెడ్డింగులు పెడతారు. అసలు రోడ్డులో తిన్నటి భాగం ఎంత? హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్ళే దారిలో చౌటుప్పల్ దాటాక ఒకసారి కిటికీలోంచి చూడండి, ఎంతసేపటికి గట్టి మలుపు వస్తుందో. ఎక్కువ భాగం తిన్నగా ఉన్న రోడ్డు మీద ఎక్కువ ప్రమాదాలు తిన్నటి చోటే జరుగుతాయి, అందులోంచి కారణం ఏమీ రాదు. మూడొంతుల ప్రమాదాలు మబ్బు, వాన లేని రోజుల్లో జరిగాయన్న దానికీ ఇదే జవాబు.

ఈ మూడు రకాల రోడ్ల అంకెల నుంచి నిజంగా పనికొచ్చేది ఒకటి ఉంది. వంద ప్రమాదాలకి ఎంతమంది చనిపోయారో చూడండి. జాతీయ రహదారి మీద 40.2, రాష్ట్ర రహదారి మీద 38.4, మిగతా రోడ్ల మీద 32.8. దీన్ని తీవ్రత అంటాం. దీనికి ట్రాఫిక్ లెక్క అక్కర్లేదు, ఎందుకంటే పైనా కిందా ఉన్న రెండు అంకెలూ ఒకే ఫైలు నుంచి వస్తాయి. రోడ్డు పెద్దదవుతున్న కొద్దీ, దెబ్బ తగిలితే బతకడం కష్టమవుతోంది.

తీవ్రతకి కూడా ఒక పెద్ద చిక్కుంది, రాష్ట్రాలవారీగా చూస్తే అది బయటపడుతుంది. 2022లో బిహార్‌లో 10,801 ప్రమాదాలు, 8,898 మరణాలు, అంటే వందకి 82. ఉత్తరప్రదేశ్‌లో 54. ఆంధ్రప్రదేశ్‌లో 21,249 ప్రమాదాలకి 8,293 మరణాలు, వందకి 39. తెలంగాణలో 21,619కి 7,559, వందకి 35. తమిళనాడులో 28. కేరళలో 43,910 ప్రమాదాలకి 4,317 మరణాలు, వందకి 10 కూడా లేదు. బిహార్ రోడ్డు మీద దెబ్బ తగిలితే కేరళ కంటే ఎనిమిది రెట్లు ఎక్కువ మంది చనిపోతారా? ఆస్పత్రి, అంబులెన్స్ తేడా కొంత ఉంటుంది, ఎనిమిది రెట్లు ఉండదు. చావు జరిగితే శవపంచనామా, పోస్టుమార్టం, ఇన్సూరెన్స్ అన్నీ ఉంటాయి కాబట్టి కేసు అవుతుంది. కాలు విరిగితే అక్కడికక్కడ మాట్లాడుకుని డబ్బిచ్చి పంపేస్తారు. కేరళలో ఆ చిన్న కేసులు కూడా కాగితం మీదకి వస్తున్నాయి, బిహార్‌లో రావట్లేదు, తేడాలో ఎక్కువ భాగం అదే. దీన్నుంచి నేను పెట్టుకున్న నియమం ఏంటంటే, రాష్ట్రాల మధ్య, జిల్లాల మధ్య పోలిక చేసేటప్పుడు ‘ప్రమాదాల సంఖ్య’ని అస్సలు వాడను, మరణాలనే వాడతాను. ఏదైనా జిల్లాలో ప్రమాదాలు తగ్గి మరణాలు అలాగే ఉన్నాయంటే నాకు మొదట వచ్చే అనుమానం రోడ్డు బాగుపడిందని కాదు, నమోదు తగ్గిందని.

ఆ 72 శాతం ఎక్కడ పుడుతుంది

స్టేషన్‌కి వెళ్తే మొదట కనిపించేది ఎఫ్ఐఆర్. రోడ్డు ప్రమాదంలో మనిషి చనిపోతే మొన్నటిదాకా ఐపీసీ 304-ఏ కింద కేసు కట్టేవాళ్ళు, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 106 కింద. రెండిటిలోనూ నేరం కావాలంటే నిర్లక్ష్యంగానో దుడుకుగానో నడిపాడని ఉండాలి. అందుకే ఫిర్యాదులో ఆ వాక్యం తప్పకుండా ఉంటుంది: ‘సదరు వాహన డ్రైవర్ అతివేగంగా, అజాగ్రత్తగా నడుపుతూ వచ్చి’. నేను చదివిన ఫైళ్ళలో ఆ మాటల వరుస కూడా మారలేదు. స్టేషన్ రైటర్ తప్పేమీ లేదు, సెక్షన్‌కి కావలసిన మాట అది, అది లేకపోతే కేసు నిలబడదు, బాధితుల కుటుంబానికి క్లెయిమ్ దగ్గర ఇబ్బంది అవుతుంది. తర్వాత నెలాఖరులో ఫార్మాట్ నింపేటప్పుడు ‘కారణం’ అనే గడిలో ఏం పడుతుంది? ఎఫ్ఐఆర్‌లో ఉన్నదే పడుతుంది. ఆ గడులన్నీ జిల్లాకి, జిల్లా నుంచి రాష్ట్రానికి, అక్కడి నుంచి ఢిల్లీకి వెళ్ళి 72.3 శాతం అవుతాయి.

ఇది నా అనుభవం మాత్రమే అని మీరు అనొచ్చు, అందుకే నివేదిక అంకెలతోనే ఒక పరీక్ష చేశాను. అతివేగం గడిలో పడినవి ప్రమాదాల్లో 72.3 శాతం, మరణాల్లో 71.2 శాతం. అంటే అతివేగం అని రాసిన ప్రమాదాల తీవ్రత వందకి 36.0. మిగతావాటిది లెక్కేస్తే వందకి 38.0. ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. అతివేగంతో జరిగిన ప్రమాదాలు మిగతా ప్రమాదాల కంటే కొంచెం తక్కువ ప్రాణాంతకంగా కనిపిస్తున్నాయి!

భౌతికశాస్త్రం ప్రకారం ఇది జరగకూడదు. స్వీడన్‌కి చెందిన నిల్సన్ ఇచ్చిన పవర్ మోడల్ ప్రపంచమంతా వాడుకలో ఉంది. ఒక రోడ్డు మీద సగటు వేగం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాలు ఆ పెరుగుదల నాలుగో ఘాతంలో పెరుగుతాయని అది చెప్తుంది. వేగం 10 శాతం పెరిగితే 1.1 ని నాలుగుసార్లు గుణించండి, 1.46 వస్తుంది, అంటే 46 శాతం ఎక్కువ. ఇంత బలమైన సంబంధం ఉన్న విషయాన్ని ఆ గడి నిజంగా కొలుస్తుంటే, గడిలో ‘అవును’ ఉన్న ప్రమాదాలు చాలా ఎక్కువ ప్రాణాంతకంగా తేలాలి. తేలలేదు. ఇది అన్ని రకాల రోడ్లూ కలిపిన లెక్క కాబట్టి ఊళ్ళలోని ప్రమాదాలు, హైవే ప్రమాదాలు కలిసి కొంత కలగాపులగం అయి ఉంటుంది, అది ఒప్పుకుంటాను. అయినా నాలుగో ఘాతం ఉన్న సంబంధం పూర్తిగా చెరిగిపోయేంత కలగాపులగం ఉండదు. ఆ గడి వేగాన్ని కొలవడం లేదు, సెక్షన్‌ని కొలుస్తోంది.

ఇక్కడ చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు కాబట్టి స్పష్టంగా చెప్తున్నాను, వేగం చంపదని నేను అనడం లేదు. వేగమే చంపుతుంది. దానికి సాక్ష్యం ‘కారణం’ గడిలో కాకుండా వేరే చోట ఉంది, 2020లో. 2019లో 4,56,959 ప్రమాదాలు, 1,58,984 మరణాలు, తీవ్రత 34.8. 2020లో లాక్‌డౌన్ వల్ల రోడ్లు ఖాళీ అయ్యాయి, ప్రమాదాలు 3,72,181కి పడ్డాయి, అంటే దాదాపు 19 శాతం తక్కువ. మరణాలు మాత్రం 1,38,383, అంటే 13 శాతమే తక్కువ. తీవ్రత 37.2కి ఎక్కింది. పాత తీవ్రతే ఉండి ఉంటే 2020లో దాదాపు 1,29,500 మంది చనిపోయేవారు, నిజానికి అంతకంటే దాదాపు 8,900 మంది ఎక్కువ పోయారు. ఆ రోజుల్లో చిన్న దెబ్బల కేసులు స్టేషన్‌కి రావడం కూడా తగ్గి ఉంటుంది, దాని వాటా కొంత తీసేయాలి. అయినా ఖాళీ రోడ్డు మీద బండి ఎంత వేగం అందుకుంటుందో మనందరికీ తెలుసు. రోడ్డు మీద రద్దీ ఉన్నప్పుడు ఆ రద్దీయే స్పీడుకి కళ్ళెం వేస్తుంది. రద్దీ తీసేస్తే మన రోడ్లలో వేగాన్ని ఆపేది ఇంకేమీ లేదని 2020 చూపించింది. 2021లో తీవ్రత 37.3, 2022లో 36.5, అంటే ట్రాఫిక్ తిరిగొచ్చినా 2019 స్థాయికి దిగలేదు.

వేగం సంగతి నిజంగా తెలియాలంటే రాడార్ గన్‌తో రోడ్డు పక్కన నిలబడి కొలవాలి. వంద బండ్లలో 85 బండ్లు ఏ వేగానికి లోబడి వెళ్తున్నాయో ఆ అంకె తీసుకోవాలి. అది ప్రమాదం జరిగిన చోటా కొలవాలి, జరగని చోటా కొలవాలి.

మద్యం సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. తాగి నడపడం వల్ల జరిగిన ప్రమాదాలు నివేదికలో 2.2 శాతమే, మరణాలు 2.5 శాతం. రాత్రి పూట హైవే మీద ఒక్క వారం తిరిగినవాడెవడూ ఈ అంకెని నమ్మడు. రక్తపరీక్ష జరిగి, రిపోర్టు ఫైల్లోకి వచ్చినప్పుడే ఆ గడి నిండుతుంది. అతివేగానికి ఏ పరీక్షా అక్కర్లేదు, మద్యానికి పరీక్ష కావాలి. ఒకటి 72, ఇంకోటి 2 అవడానికి ఆ తేడాయే చాలావరకు కారణం.

రోడ్డు మీద ఏం కనిపించింది

కాగితాలు పక్కనపెట్టి ఆ ముక్కంతా పగలొకసారి, రాత్రొకసారి నడిచాను. నా పనిలో ఇంతకంటే ఎక్కువ నేర్పిన రోజులు లేవు.

ఊరు హైవేకి అటూ ఇటూ ఉంది, ఇళ్ళు ఒకవైపు, పొలాలూ బడీ ఇంకోవైపు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు డివైడర్ కట్టి మధ్యలో దారి మూసేశారు. యూటర్న్ కిలోమీటర్ల అవతల. పాలక్యాన్లతో ఉన్న బైకు మీద మనిషి అంత దూరం పోయి రాడు, అంచు పట్టుకుని రాంగ్ రూట్‌లో వస్తాడు. ఇంకొంచెం ముందు ఎవరో డివైడర్ రాళ్ళు తొలగించి సందు చేశారు, అక్కడ మట్టిలో బైకు టైర్ల గుర్తులు నున్నగా దారి పడ్డాయి. బస్సు ఆగేది ఫ్లైఓవర్ దిగే చోట, అక్కడ షెల్టర్ లేదు, లైటు లేదు, దిగినవాళ్ళు నాలుగు లేన్లు పరిగెత్తి దాటాలి. ధాబాల ముందు లారీలు ఎడమ లేన్‌లోకి సగం వచ్చి ఆగి ఉంటాయి, వెనక రేడియం స్టిక్కర్ దుమ్ముపట్టి వెలుగు తిరిగి రాదు. డ్రైవర్లని తప్పుపట్టే ముందు ఒకటి అడగాలి, ఆ చుట్టుపక్కల లారీ ఆపుకోవడానికి ఎక్కడ చోటు పెట్టారు?

ఇప్పుడు మళ్ళీ నివేదికకి రండి. 2022 మృతుల్లో టూవీలర్ల మీద ఉన్నవాళ్ళు 74,897, అంటే 44.5 శాతం. నడిచి వెళ్ళేవాళ్ళు 32,825, అంటే 19.5 శాతం. రెండూ కలిపితే 64 శాతం. ప్రమాదాల రకాల్లో ఎక్కువ వాటా వెనక నుంచి గుద్దడానిది, 21.4 శాతం. రోజులో ఎక్కువ ప్రమాదాలు జరిగే సమయం సాయంత్రం 6 నుంచి 9, దాదాపు ఐదో వంతు. పొలం నుంచి ఇంటికొచ్చే వేళ, దూరప్రయాణం బండ్లు బయల్దేరే వేళ, చూపు ఆనని వేళ, మూడూ ఒకటే. నేను నడిచిన ముక్కలో ఈ అంకెలన్నిటికీ ఒక్కో చోటు కనిపించింది, రాళ్ళు తీసేసిన సందు, చీకటి బస్‌స్టాపు, ధాబా ముందు లారీ. వీటిలో ఏదీ ‘కారణం’ గడిలో లేదు. వాటన్నిటి మీదా ‘అతివేగం, అజాగ్రత్త’ అనే ఒకే ముద్ర ఉంది.

హెల్మెట్ గురించి ఒక చిన్న లెక్క, ఇది నాకు ఇష్టమైనది. 2022లో హెల్మెట్ లేకుండా చనిపోయినవాళ్ళు 50,029 మంది, అంటే టూవీలర్ మృతుల్లో దాదాపు 67 శాతం. ఇది పెద్ద అంకెలా కనిపిస్తుంది, కానీ రోడ్డు మీద బతికి తిరుగుతున్నవాళ్ళలో ఎంతమంది పెట్టుకుంటున్నారో తెలియకుండా దీనికి అర్థం లేదు. ప్రపంచవ్యాప్తంగా జరిగిన పరిశోధనల్ని కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష ప్రకారం హెల్మెట్ మరణాల ముప్పుని 42 శాతం తగ్గిస్తుంది. అది నిజమనుకుని వెనక్కి లెక్కేస్తే, మృతుల్లో 33 శాతానికి హెల్మెట్ ఉండాలంటే రోడ్డు మీద తిరిగేవాళ్ళలో దాదాపు 46 శాతం మంది పెట్టుకుని ఉండాలి. కూడలిలో ఒక గంట నిలబడి తలలు లెక్కపెట్టండి. బాగా ఎక్కువ మంది పెట్టుకుంటున్నారని తేలితే, చనిపోయినవాళ్ళ ఫైళ్ళలో ‘హెల్మెట్ లేదు’ అని రాయడాన్ని ప్రశ్నించాలి. తక్కువ తేలితే, ఆ ఫైళ్ళలో ‘హెల్మెట్ ఉంది’ అని రాయడం మీద, లేదా ఆ హెల్మెట్ల నాణ్యత, గడ్డం కింద పట్టీ సంగతి మీద ప్రశ్న. ఒక గంట పనితో డేటాని ఇలా పరీక్ష పెట్టొచ్చు.

బ్లాక్ స్పాట్ దగ్గర పాయిజాన్ పని

జాతీయ రహదారి మీద దాదాపు 500 మీటర్ల ముక్కలో, మూడేళ్ళలో మరణం లేదా తీవ్రగాయం ఉన్న ప్రమాదాలు 5 జరిగినా, లేదా మొత్తం 10 మంది చనిపోయినా దాన్ని బ్లాక్ స్పాట్ అంటారు. 2015 నుంచి శాఖ వాడుతున్న నిర్వచనం ఇది. చోటు గుర్తిస్తారు, రంబుల్ స్ట్రిప్స్ (బండి నెమ్మదించేలా రోడ్డుకి అడ్డంగా వేసే గరుకు పట్టీలు) వేస్తారు, బోర్డు పెడతారు, రెండేళ్ళ తర్వాత ప్రమాదాలు తగ్గాయని రిపోర్టు వస్తుంది. నేను కూడా అలాంటి రిపోర్టులకి అంకెలు ఇచ్చాను. వాటిలో చాలా వాటిని ఇప్పుడైతే ఒప్పుకోను, కారణం కింద ఉంది.

2022లో జాతీయ రహదారుల పొడవు సుమారు 1,44,600 కిలోమీటర్లు. ఏడాదికి 1,51,997 ప్రమాదాలంటే కిలోమీటరుకి సగటున 1.05. అరకిలోమీటరు ముక్కకి, మూడేళ్ళకి అది 1.58. వీటిలో మరణం లేదా తీవ్రగాయం ఉన్నవి మూడింట రెండొంతులు అనుకుందాం, సగటు మళ్ళీ 1.05 దగ్గరికి వస్తుంది. ఇప్పుడు దేశంలో హైవే అంతా ఒక్కటే రకం, ఏ చోటుకీ మరో చోటు కంటే ఎక్కువ ప్రమాదం లేదు అని ఊహించండి. ప్రమాదాలు కేవలం యాదృచ్ఛికంగా పడుతున్నాయి. అప్పుడు ఒక ముక్కలో 5 లేదా అంతకంటే ఎక్కువ పడే సంభావ్యత, పాయిజాన్ సూత్రంతో (సగటు తెలిస్తే, యాదృచ్ఛికంగా జరిగేవి ఎన్నిసార్లు పడొచ్చో చెప్పే సూత్రం), 0.45 శాతం. ముక్కలు ఎన్ని? దాదాపు 2,89,000. గుణించండి, దాదాపు 1,300 ముక్కలు.

అంటే రోడ్డులో ఏ లోపమూ లేకపోయినా, అన్ని చోట్లూ సమానమైనా, ఉత్తపుణ్యానికి 1,300 బ్లాక్ స్పాట్లు పుట్టుకొస్తాయి. ముక్కని ఎక్కడ మొదలుపెట్టాలో మన ఇష్టం కాబట్టి, ప్రమాదాలు గుంపుగా పడిన చోటు చూసుకుని 500 మీటర్లు కొలిస్తే ఇంకా ఎక్కువే వస్తాయి. వాటి దగ్గర మీరు రంబుల్ స్ట్రిప్ వేసినా, కొబ్బరికాయ కొట్టినా, ఏమీ చెయ్యకపోయినా, తర్వాతి మూడేళ్ళలో ప్రమాదాలు సగటు దగ్గరికి పడిపోతాయి. దీన్ని సగటు వైపు తిరోగమనం అంటారు. పరీక్షలో ఒకసారి అదృష్టంతో మొదటి ర్యాంకు వచ్చిన పిల్లాడికి తర్వాతి పరీక్షలో తగ్గినట్టే. పాయిజాన్ పంపిణీని జనంలోకి తెచ్చిన పాత ఉదాహరణ కూడా ప్రమాదాలదే, 1898లో బోర్ట్‌కీవిచ్ అనే గణాంకవేత్త ప్రష్యా సైన్యంలో గుర్రం తన్ని చనిపోయిన సైనికుల లెక్కని దానితో సరిపోల్చి చూపించాడు. ఏ దళంలో ఏ ఏడు ఎక్కువమంది పోయినా గుర్రాలు పొగరెక్కాయని అనుకోనక్కర్లేదని ఆ లెక్క చెప్పింది.

దీనికి మందు ఎంపిరికల్ బేస్ పద్ధతి, అంటే ఒక చోటు అంకెని అలాంటి మిగతా చోట్ల సగటుతో కలిపి చూడడం. ఎజ్రా హవర్ అనే పరిశోధకుడు దీన్ని రోడ్డు భద్రతలోకి తెచ్చాడు, అమెరికా హైవే సేఫ్టీ మాన్యువల్ 2010 నుంచి దాన్నే నేర్పుతుంది. ఊరికే ఉదాహరణకి చెప్తాను. ఒక చోట మూడేళ్ళలో 6 ప్రమాదాలు. అంతే ట్రాఫిక్, అలాంటి జంక్షనే ఉన్న మిగతా చోట్ల సగటు 2. రెండిటికీ సమాన బరువు ఇస్తే ఆ చోటు అసలు స్వభావం 4. రంబుల్ స్ట్రిప్ వేశాక 4 ప్రమాదాలు జరిగితే, మామూలు రిపోర్టు ‘33 శాతం తగ్గింపు’ అని రాస్తుంది. హవర్ లెక్కలో తగ్గింపు సున్నా. డబ్బు ఖర్చయింది, మనుషులు అలాగే చనిపోతున్నారు, అందరూ తృప్తిగా వేరే చోటికి వెళ్ళిపోయారు. నన్ను బాధపెట్టేది ఇదే.

బరువు ఎంత ఇవ్వాలన్నది ఊహించక్కర్లేదు. మొత్తం ముక్కలన్నిటి మీద నెగటివ్ బైనామియల్ రిగ్రెషన్ (పాయిజాన్‌ని కొంచెం సడలించిన మోడల్) నడిపితే వస్తుంది. పాయిజాన్‌లో సగటు, విస్తృతి (అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయన్న కొలత, వేరియన్స్) సమానం కావాలి, రోడ్డు డేటాలో విస్తృతి ఎప్పుడూ ఎక్కువ ఉంటుంది, ఆ ఎక్కువే చోట్ల మధ్య ఉన్న నిజమైన తేడా. ‘ఆర్’ సాఫ్ట్‌వేర్‌లో ఇది ఒక్క లైను పని. కష్టమంతా ఆ లైనుకి ముందు ఉంటుంది. ప్రతి 500 మీటర్లకీ ట్రాఫిక్ ఎంత, డివైడర్‌లో సందులెన్ని, ఊరు ఆనుకుని ఉందా, సర్వీస్ రోడ్డు ఉందా, లైట్లున్నాయా, లారీలు ఆగుతాయా అని ప్రమాదం ఒక్కటి కూడా జరగని ముక్కలకి కూడా రాసుకోవాలి. ‘కారణం’ గడిలో ఉన్న మౌలికమైన లోపం ఇక్కడే తెలుస్తుంది, సున్నా ప్రమాదాలు జరిగిన చోటుకి ఆ గడే ఉండదు. జరిగిన చోటునీ జరగని చోటునీ పక్కపక్కన పెట్టకుండా కారణం చెప్పడం స్టాటిస్టిక్స్‌లో కుదరదు.

ప్రమాదం చోటు సరిగ్గా తెలియడం కూడా పెద్ద పనే. పాత ఎఫ్ఐఆర్లలో ‘ఫలానా గ్రామ శివారులో’ అని ఉంటుంది, శివారు అంటే రెండు కిలోమీటర్లు కావచ్చు. సమయం కూడా ‘సుమారు 7 గంటలకి’ అని గుండ్రంగా ఉంటుంది. 2021 నుంచి ప్రమాద వివరాలు అక్కడికక్కడ నమోదు చేయడానికి వచ్చిన ఐరాడ్, తర్వాత ఈ-డార్ యాప్‌తో జీపీఎస్ వచ్చింది, ఐఐటీ మద్రాస్ తయారుచేసింది, నిజంగా మంచి పని. కానీ ఒకచోట మ్యాప్ తెరిచినప్పుడు చుక్కలు స్టేషన్ ఆవరణలోనే గుంపుగా ఉన్నాయి. పాపం కానిస్టేబుల్ అక్కడ ట్రాఫిక్ క్లియర్ చేసి, 108 ఎక్కించి, తిరిగొచ్చి కూర్చుని యాప్ తెరిచాడు. పంచనామాలో కిలోమీటరు రాయి నంబరు ఉంటే ఆ చుక్కల్ని మళ్ళీ రోడ్డు మీదకి చేర్చాం, లేనివాటిని లెక్కలోంచి తీసేయాల్సి వచ్చింది.

తగ్గిందని ఎప్పుడు నమ్మాలి

ముంబై-పుణె ఎక్స్‌ప్రెస్‌వే, 94 కిలోమీటర్ల పైచిలుకు. 2016లో సేవ్‌లైఫ్ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ, మహారాష్ట్ర రహదారి సంస్థ, హైవే పోలీసులు కలిసి జీరో ఫేటాలిటీ కారిడార్ అని మొదలుపెట్టారు. ఒక్కో ప్రమాదం దగ్గరికీ వెళ్ళి, బండి దేన్ని గుద్దింది, అక్కడ అడ్డుగోడ ఎందుకు లేదు, లారీ అక్కడ ఎందుకు ఆగింది అని విడదీసి చూశారు. 2016లో మరణాలు 151, 2017లో 105, 2018లో 110. సగటు వైపు తిరోగమనం ఇక్కడ కూడా ఉందా అని మొదట అనుమానపడ్డాను. 151కి 105కి తేడా 46, ఇలాంటి లెక్కలో ప్రామాణిక దోషం రెండిటి మొత్తానికి వర్గమూలం, అంటే 16. తేడా దానికి దాదాపు మూడు రెట్లు. ఇంత తేడా ఊరికే రావడం అరుదు. 105 నుంచి 110కి పెరగడం మాత్రం ఏమీ కాదు, ప్రమాదాలు మళ్ళీ పెరుగుతున్నాయని దాని మీద ఎవరైనా రాస్తే పట్టించుకోకండి. కారిడార్ మొత్తం తీసుకున్నారు కాబట్టి ఎంచుకున్న చోట్ల చిక్కు కూడా ఇక్కడ తక్కువ.

వాళ్ళ పనిలో నాకు నచ్చింది ప్రశ్న అడిగిన తీరు. మన దగ్గర 2013 అక్టోబరు 30న పాలెం దగ్గర జరిగింది గుర్తుందా? బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న బస్సు తెల్లవారుజామున కల్వర్టుని ఢీకొట్టి కాలిపోయింది, 45 మంది నిద్రలోనే పోయారు. ఆ ప్రమాదాన్ని ఒక గడిలో రాయమంటే ఏ మాట రాస్తాం? ఏ మాట రాసినా అది ఒక్క డ్రైవర్ గురించే అవుతుంది. హాడన్ అనే డాక్టర్ చెప్పిన పద్ధతిలో ప్రమాదానికి ముందు, ప్రమాదం క్షణంలో, తర్వాత అని మూడు వరుసలు, మనిషి, బండి, రోడ్డు అని మూడు నిలువు గడులు గీస్తే తొమ్మిది ప్రశ్నలు వస్తాయి. కల్వర్టు గోడ అక్కడ అలా ఎందుకు ఉంది, దెబ్బ తగలగానే మంటలు అంత వేగంగా ఎలా అంటుకున్నాయి, లోపలున్నవాళ్ళకి బయటికి దారి ఎందుకు దొరకలేదు. 45 మంది చావుకి ఈ ప్రశ్నలకి సంబంధం ఉంది, డ్రైవర్ స్పీడు వాటిలో ఒక్క గడి మాత్రమే.

ఇప్పుడు నేను ఏ హైవే ముక్క లెక్క మొదలుపెట్టినా ఎక్సెల్‌లో ‘కారణం’ కాలమ్‌ని ముందే హైడ్ చేస్తాను. దాని బదులు స్టేషన్ వాళ్ళని మూడే అడుగుతాను: కిలోమీటరు రాయి నంబరు, బండి ఎటు నుంచి ఎటు వెళ్తోంది, వెనక నుంచి గుద్దితే ముందున్న బండి కదులుతోందా ఆగి ఉందా. మూడోది అడిగినప్పుడు మొదటిసారి ఒక రైటర్ పాత పంచనామాలు తీసి నాతోపాటు కూర్చుని చదివాడు, సాయంత్రం దాకా. ‘అతివేగంగా, అజాగ్రత్తగా’ అని ఉన్న కాగితాల్లో రెండో పేజీలో, కొలతల దగ్గర, లారీ టైరు కింద రాయి పెట్టి ఉందని రాసి ఉంది. ఒకదాని తర్వాత ఒకటి, అలాంటివి. రాయి పెట్టి ఉందంటే లారీ ఆగి ఉంది. మేం ఆ కిలోమీటరు నంబర్లు రాసుకుని మర్నాడు వెళ్ళి చూస్తే, అవి రెండు ధాబాల ముందే ఉన్నాయి.